కుడికాలే ముందు

ఆయన ఎన్ని గోల్స్ కొట్టారో ఇక్కడ రాయను. ఆ ఒక్క సంఖ్య చెబితే చాలు, రియాద్‌లో టీ కొట్టు దగ్గర నిలబడిన ఎవరైనా ఆయన పేరు చెప్పేస్తారు. నా చేతి కింద చికిత్స పొందిన మనిషి పేరు బయటపెట్టే హక్కు నాకు లేదు. ఇంతవరకు చెప్పవచ్చు: తన క్లబ్బు తరఫున మరెవరూ కొట్టనన్ని గోల్స్ కొట్టిన సౌదీ స్ట్రైకర్ ఆయన. ఆట మానేసి దశాబ్దాలు గడిచినా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. నేను ఆయనను కలిసేనాటికి మాత్రం దానికి రోజులు దగ్గరపడ్డాయి. అదే క్లబ్బులో ఒక కుర్ర ఆటగాడు ఆ సంఖ్యకు అయిదారు గోల్స్ దూరంలో ఉన్నాడు. రికార్డు బద్దలైన తర్వాత సొంత మైదానంలో జరిగే మొదటి మ్యాచ్‌కు ముందు, పాత ఆటగాడు మైదానం మధ్యకు వచ్చి కొత్త ఆటగాడితో చేయి కలపాలని క్లబ్బువారు ముందే నిర్ణయించారు.

ఆయన కుడి మోకాలికి అప్పుడే శస్త్రచికిత్స జరిగింది. అరిగిపోయిన కీలు తీసేసి లోహపు కీలు అమర్చారు. మైదానం మధ్యకు ఆయన ఎలా వెళ్లాలన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న నా దగ్గరికి వచ్చింది, ఎందుకంటే ఆ ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టును.

నాది వరంగల్. చదువు హైదరాబాద్‌లో. చదివింది ఫిజియోథెరపీయే అయినా కాలేజీ నన్ను తయారుచేసింది డిబేట్ జట్టులో. అక్కడ నాణెం ఎగరేసేవారు. ఏ పక్షం పడితే ఆ పక్షం వాదించాలి. ఎదుటివాడి వాదనను అతనికంటే బాగా చెప్పగలిగినవాడికే దాన్ని ఖండించే అర్హత ఉంటుందని మా జట్టును తీర్చిదిద్దిన మాస్టారు నేర్పారు. ఆ అలవాటు వల్ల నాకు బహుమతులు పెరిగాయి, మిత్రులు తగ్గారు. రియాద్‌లో ఉద్యోగంలో చేరాక కూడా, "ఇలాగే ఎందుకు చేయాలి?" అని అడగకుండా నేను ఏ పనీ మొదలుపెట్టలేదు.

ఆయనను మొదటిసారి చూసింది వ్యాయామశాల తలుపు దగ్గర. రోగులను వార్డు నుంచి వీల్‌చైర్‌లో తెచ్చే పని ఒక నిజామాబాద్ అన్నది. నడివయసు మనిషి, ఇదివరకు భవనాల దగ్గర సెంట్రింగ్ పని చేసి, వెన్ను నొప్పితో ఈ కొలువులోకి మారాడు. ఆ రోజు వీల్‌చైర్ ముందు వచ్చింది, అందులో ఎవరూ లేరు. దాని వెనుక పిడులు పట్టుకుని, దాన్నే ఊతంగా చేసుకుని నెట్టుకుంటూ ఒక పొడవాటి వృద్ధుడు వస్తున్నాడు. ఆయన వెనుక ఖాళీ చేతులతో అన్న.

"సారూ, గీ పెద్దమనిషి కుర్సీల కూసోనంటడు," అన్నాడు అన్న. "కుర్సీనే ఆయన తోల్కొచ్చిండు. నేను పెండ్లికి వచ్చినోని లెక్క ఎన్కాల నడిచిన. ముదీర్ మేడం జూస్తె నా జీతం కట్."

ముదీర్ మేడం అంటే మా విభాగాధిపతి, జోర్డాన్ దేశస్థురాలు. ముదీర్ అనే అరబిక్ మాటకు పై అధికారి అని అర్థం. ఆమె ఆ సమయానికి లేకపోవడం మా అదృష్టం.

వృద్ధుడు బల్ల మీద కూర్చుని నన్ను పరిశీలించారు. తన డ్రైవర్ల దగ్గర నేర్చిన ఉర్దూలో, మధ్యమధ్య అరబిక్ కలిపి మాట్లాడేవారు. నేను అదే ఉర్దూలో జవాబు చెప్పేవాణ్ణి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఎన్ని వారాలు?" అన్నారు.

"దేనికి?"

"నడవడానికి. కర్ర లేకుండా. గడ్డి మీద."

"ఏ గడ్డి?"

ఆకాశం ఏ రంగని అడిగినట్టు చూశారు నన్ను. తర్వాత క్లబ్బువారి ఏర్పాటు గురించి చెప్పారు. బ్యాటరీ బండి పంపుతారట. అందులో ఎక్కించి మైదానం మధ్యదాకా తీసుకెళతారట.

"బండెక్కి చేయి ఊపాలట. నేనేమన్నా పెళ్లికొడుకునా?"

"బండిలో వెళ్తే తప్పేమిటి?" అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. "మీ గోల్స్ తగ్గుతాయా?"

అన్న దగ్గాడు. వృద్ధుడి కనుబొమలు పైకి లేచాయి. "నువ్వు డాక్టరువా, వకీలువా?"

"ఫిజియోథెరపిస్టును."

"కాదు. వకీలువే." ఆ రోజు నుంచి ఆయనకు నేను వకీల్ సాబ్‌ను. ఆయన మా ఇద్దరికీ కాబ్తన్. ఈ దేశంలో ఫుట్‌బాల్ ఆడినవారిని కెప్టెన్ అనే అర్థంలో అలాగే పిలుస్తారు.

కొత్త మోకాలిని వంచడం నొప్పితో కూడిన పని. మొదటి వారం ఆయన పళ్లు బిగించి, కళ్లు మూసుకుని, ఒక హద్దు దగ్గర ఆగిపోయేవారు. ఒకనాడు నేను ఆయన మడమను వెనక్కి నెడుతూ, పెనాల్టీ ద్వారా కొట్టిన గోల్‌ను మామూలు గోల్‌తో సమానంగా లెక్కించడం న్యాయమేనా అని అడిగాను. ఆయన కళ్లు తెరిచారు. గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉంటాడు కాబట్టి పెనాల్టీ సులభమనేవాడు ఒక్కసారైనా స్టేడియం మొత్తం ఈలలు వేస్తుండగా బంతి ముందు నిలబడాలన్నారు. గొంతు పెరిగింది, చేతులు గాలిలోకి లేచాయి. నేను కీలు వంపు కొలిచే గోనియోమీటరు పెట్టి చూశాను. మోకాలు నిన్నటి హద్దు దాటింది.

రోగిని మాటల్లో పెట్టి మోసగించడం నాకు ఇష్టం లేదు. అందుకే వెంటనే చెప్పేశాను: "మీరు వాదిస్తున్నప్పుడు కాలు ఎక్కువ వంగుతోంది. కావాలనే అడుగుతాను, తెలిసే ఉండండి."

ఆయన కాలు మళ్లీ నా వైపు చాచారు. "అయితే రేపటి విషయం ఏమిటి?"

అలా మొదలైంది మా పద్ధతి. రోజూ ఒక విషయం. ఆయన తన పక్షం, నేను ఎదుటి పక్షం. న్యాయనిర్ణేత నిజామాబాద్ అన్న. అతనికి క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు కాబట్టి పక్షపాతం లేదని ముగ్గురం ఒప్పుకున్నాం. కాబ్తన్ జీవితం నాకు ఆ వాదనల్లో ముక్కలుముక్కలుగా తెలిసింది. దేశానికి దక్షిణపు కొసన ఉన్న జిజాన్‌లో, రేవుకు దగ్గరగా, తడి ఇసుక మీద ఆట నేర్చారు. రెండు చెప్పులు పాతితే అదే గోల్. మీసాలు రాకముందే రియాద్ క్లబ్బు తీసుకొచ్చింది. ఆ రోజుల్లో ఆటకు జీతం ఉండేది కాదు. పొద్దున ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా పని, సాయంత్రం సాధన. మోకాలు వాచిన రోజుల్లో సూది మందు వేయించుకుని ఆడారు.

"ఆ సూదులే ఈ మోకాలిని తిన్నాయి," అన్నాను ఒకసారి. "వేసినవారి మీద కోపం లేదా?"

"వేయమన్నది నేను," అన్నారు. "వద్దని ఆ డాక్టరు మొత్తుకున్నాడు. పాపం అతని నెత్తిన పెట్టకు."

మరోనాడు గట్టి దెబ్బే తీశాను. "మీరు ఏనాడూ ఈ దేశం దాటి ఏ యూరప్ క్లబ్బుకూ ఆడలేదు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు మావాళ్లు. మీ గోల్స్ అన్నీ మీ ఇంట్లో కొట్టినవే."

ఆయన లేచి కూర్చున్నంత పని చేశారు. "జిజాన్ నుంచి రియాద్ ఎంత దూరమో తెలుసా నీకు? నా యాస విని డ్రెస్సింగ్ రూములో నవ్వేవాళ్లు. నా తిండి చూసి నవ్వేవాళ్లు. మొదటి ఏడాది నాకు బంతి అందించిన వాడే లేడు. వాళ్ల కాళ్ల నుంచి లాక్కుని కొట్టాను. నాకు రియాదే పరదేశం. ఇక్కడ గెలిచినవాడు ఇంట్లో గెలిచినట్టా?"

నేను నోరు తెరిచేలోగా అన్న తీర్పు చెప్పేశాడు. "కాబ్తన్ గెలిచిండు. గదే లెక్కన నేను ఆర్మూరు కెల్లి వచ్చి ఇర్వై ఏండ్లాయె, నాకు గూడ ఏదన్న కప్పు ఇయ్యాలె."

"ఏ ఆటకు?" అని అడిగారు కాబ్తన్.

"ఆర్బాబుల, గదే మా సేట్ల తిట్లు ఆపినందుకు. నేను గోల్‌కీపర్ని."

కాబ్తన్ నవ్వుతూ ఉండగా నేను మరి కొంచెం వంచాను.

ఇంతలో అటు కుర్ర ఆటగాడు ఊరుకోవడం లేదు. వారం వారం ఒక గోల్, ఒక్కో వారం రెండు. అతను అక్కడ కొడుతున్న కొద్దీ మాకు ఇక్కడ గడువు తరుగుతోంది. వాకర్ వదిలి చేతికర్రకు వచ్చాం. కర్ర వదిలి వ్యాయామశాలలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాం. ఒక ఆదివారం అన్న మనసులో మాట దాచుకోలేకపోయాడు. "ఆ పోరనికి రెండు వారాలు జెరమొస్తె బాగుండు, కాబ్తన్. మనకు జర టైం దొర్కుతది."

కాబ్తన్ నడక ఆపేశారు. ముఖం మారిపోయింది. "ఆ మాట మళ్లీ అనకు. అతను కొట్టాలి. నేను నడవాలి. అతను కొట్టకపోతే నేను నడిచి ఎవరితో చేయి కలపను?"

అన్న చెవులు పట్టుకున్నాడు. నాకు ఆ మాట నచ్చింది. నాకు తెలిసిన పోటీలన్నింటిలో మా గెలుపుకు ఎదుటివాడి ఓటమి కావాలి. ఇది అలాంటిది కాదు.

క్లబ్బు వైద్యుడు ఫోన్ చేశాడు. కర్ర లేకుండా గడ్డి మీద నడవగలరని ఆసుపత్రి చెబితే బండి మానేస్తామన్నాడు. కాబ్తన్ నా వైపు చూశారు, "చెప్పేయ్" అన్నట్టు.

"నేను చూడనిది చెప్పను," అన్నాను. "మీరు నడిచింది నున్నటి నేల మీద. గడ్డి మెత్తగా ఉంటుంది, ఎగుడుదిగుడుగా ఉంటుంది. గడ్డి మీద నడిచి చూపించండి, చెబుతాను."

"గడ్డి తెచ్చిపెట్టు."

రియాద్‌లో గడ్డి దొరకడం తేలిక కాదు. మా ఆసుపత్రి ముఖద్వారం పక్కన మాత్రం ఒక పచ్చిక ఉంది. రోజూ నీళ్లు పట్టి, కత్తిరించి, బిడ్డలా చూసుకుంటారు. దాని నాలుగు వైపులా అడుగు పెట్టరాదని బోర్డులు. మేం ముగ్గురం మధ్యాహ్నపు ఎండ తగ్గాక అక్కడికి వెళ్లాం. బోర్డు దాటకముందే సౌదీ గార్డు పరుగున వచ్చాడు, ఇరవై అయిదేళ్లుంటాయేమో. గడ్డి మీదికి ఎవరూ వెళ్లకూడదన్నాడు.

నేను నియమం ఉద్దేశం ఏమిటో అతనితో చర్చించడానికి సిద్ధమవుతున్నాను. కాబ్తన్ నన్ను పక్కకు జరిపి తన పేరు చెప్పారు. గార్డు ముఖం వికసిస్తుందని నేను ఎదురుచూశాను. అది ముడుచుకుంది.

"నువ్వేనా?" అన్నాడు. తర్వాత నిర్ధారించుకుంటున్నట్టు కాబ్తన్‌ను పైనుంచి కిందికి చూశాడు. "మా నాన్న అవతలి క్లబ్బు మనిషి. నిన్ను తిట్టకుండా మా ఇంట్లో శుక్రవారం భోజనం మొదలయ్యేది కాదు."

"ఏమని తిట్టేవాడు?"

గార్డు చెప్పాడు. అది ఇక్కడ రాయదగ్గది కాదు. కాబ్తన్ పగలబడి నవ్వారు. "మీ నాన్న ఆట తెలిసినవాడు. ఆయనకు నా సలాం చెప్పు."

గార్డు అటూ ఇటూ చూసి, తన ఉద్యోగంలో ప్రతివాడూ ఒక్కసారైనా చేసే పని చేశాడు. మాకు వీపు చూపించి, రోడ్డు మీది కార్లను పరిశీలించడం మొదలుపెట్టాడు.

నేను అన్నీ ఊహించాననుకున్నాను. ఎడమవైపు నేను, వెనుక అన్న. కాబ్తన్ పచ్చిక అంచున ఆగారు. కుడికాలు ముందు పెట్టారు. నేను రెండో అడుగు కోసం చూస్తున్నాను. రెండో అడుగు వేయలేదు. ఆ కుడికాలి మీదే ముందుకు వంగి, కుడిచేయి చాచి గడ్డిని తాకబోయారు. మేం ఎన్నడూ సాధన చేయని కదలిక అది. మోకాలు నిలవలేదు. రెండు చేతుల మీదికి వాలిపోయారు.

అన్నా నేనూ చెరో చంక కింద చేయి వేసి లేపేశాం.

"ఎవరు లేపమన్నారు?" ఆయన మా చేతులు తోసేశారు. "నేను అడిగానా?"

బెంచీ మీద కూర్చోబెట్టి మోకాలు పరీక్షించాను. దెబ్బ తగల్లేదు. కాసేపటికి ఆయనే చెప్పారు. మైదానంలోకి వెళ్లేటప్పుడు కుడికాలు ముందు పెట్టాలి, వంగి గడ్డిని తాకాలి, తర్వాతే ముందుకు. జిజాన్‌లో గడ్డి లేని రోజుల్లో ఇసుకను తాకేవారు. మసీదులోకి కుడికాలితో వెళ్తారు, ఇంట్లోకి కుడికాలితో వెళ్తారు. ఆయనకు మైదానం ఆ వరుసలోదే. తాకకుండా లోపలికి వెళ్లడమన్నది ఉండదట.

నాకు వివరించి చెప్పాల్సిన అవసరం లేని మాట అది. కుడికాలు ముందు పెట్టి లోపలికి రమ్మని మా ఇళ్లల్లో కొత్త కోడలికీ చెబుతారు, కొత్త కిరాయిదారుకీ చెబుతారు. అయినా నా పని నేను చేయాలి కదా.

"ఎడమకాలు ముందు పెట్టండి," అన్నాను. "అది బలమైన కాలు. దాని మీద వంగితే ఈ వారమే లేవగలరు."

"ఎడమకాలా? మైదానంలోకా?"

"కుడికాలితో గీత దాటి, ఎడమకాలు పక్కన తెచ్చి, దాని మీద వంగండి. ఆచారం మొదటి అడుగు గురించే చెబుతుంది. ఏ మోకాలు వంగాలో చెప్పదు."

"ఇది వకీలు పని," అన్నారు. "నేను ఒక్క కదలికలో చేశాను ఎప్పుడూ. అడుగు, చేయి, లేవడం. దాన్ని ముక్కలు చేసి నీకు కావలసినట్టు అతికించకు."

"గెలుపు కోసం చేసేవారా?"

"ఓడిన మ్యాచ్‌లకు కూడా కుడికాలితోనే వెళ్లాను. చాలా ఓడాను, వకీల్ సాబ్. గెలుపు కోసమే అయితే ఎప్పుడో మానేసేవాణ్ణి."

 ఆ రోజు న్యాయనిర్ణేత తీర్పు అవసరం లేకపోయింది.

అసలు వాదన ఆ మర్నాడు విభాగాధిపతి గదిలో జరిగింది. పచ్చిక సంగతి ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. ఆమె మాటలు నేను న్యాయంగా రాయాలి, ఎందుకంటే వాటిలో బలం ఉంది. కొత్త కీలు మీద పడితే ఎముక విరుగుతుంది, మళ్లీ శస్త్రచికిత్స, ఆ వయసులో మళ్లీ లేస్తాడన్న హామీ లేదు. మన బాధ్యత అతన్ని మంచం నుంచి స్నానాలగదికి, ఇంటి నుంచి మసీదుకు క్షేమంగా చేర్చడం. గడ్డిని తాకడం చికిత్స లక్ష్యాల్లో లేదు.

"ఆ లక్ష్యాలు ఎవరు నిర్ణయించారు?" అన్నాను.

"వైద్యశాస్త్రం."

"శాస్త్రం మోకాలు ఎంత వంగుతుందో చెబుతుంది, మేడమ్. ఎందుకు వంచాలో రోగి చెబుతాడు. ఒక వంటమనిషి వచ్చి పీట మీద కూర్చోవాలంటే నేర్పుతాం. నమాజు చేసేవాడు నుదురు నేలకు ఆనించి సజ్దా చేయాలంటే సాధ్యమైనంత నేర్పుతాం. ఈయన ఆడినన్నాళ్లూ పనిలోకి ఎలా అడుగుపెట్టారో అలాగే అడుగుపెట్టాలంటున్నారు. ఇది ఏ కారణంతో తక్కువ?"

"పడితే?"

"పడవచ్చు. ఆ మాట ఆయనకు నేనే చెప్పాను. పడతారేమో అన్న భయంతో బండెక్కించడానికి మనకు హక్కుందని మాత్రం నేను ఒప్పుకోను. ఆయన ఏమీ తెలియని పిల్లవాడు కాదు."

ఆమె చివరకు రెండు షరతులు పెట్టింది. మైదానంలో ఆయన వెనుక నేనుండాలి. ఆయన లేవలేకపోతే ఆ క్షణమే వెళ్లి లేపాలి. రెండోది, క్లబ్బుకు ఇచ్చే మాటలో నేను కళ్లారా చూడనిది ఒక్క ముక్క ఉండకూడదు. రెండో షరతు నాదే. మొదటిదానికి తల ఊపాను.

మళ్లీ సాధన మొదలైంది. సాయంత్రాలు గార్డు వీపు చూపించినప్పుడు, ఇది మైదానం కాదుగా అంటూ కాబ్తన్ పచ్చిక మీద కర్ర లేకుండా నడిచేవారు. మా బల్ల ఎత్తు తగ్గించడానికి వీలుంటుంది. దాని మీద కూర్చుని, చేతులు గుండె మీద పెట్టుకుని, కుడికాలి మీదే బరువు వేసి లేవాలి. రోజుకింత కిందికి దించుతూ పోయాను. బల్ల ఇక దిగని చోటికి వచ్చాక, అన్న తన గది నుంచి ఒక చెక్క పీట తెచ్చాడు. "మా రూముల ఉల్లిగడ్డలు కోసేటప్పుడు కూసునేది. కడిగిన సారూ, వాసన రాదు."

వాసన వచ్చింది. కాబ్తన్ దాని మీద కూర్చుని, కళ్లలో నీళ్లు వస్తున్నది ఉల్లి వల్లా, తొడ కండరం వల్లా అని నేను అడిగితే, "నీ ప్రశ్నల వల్ల" అన్నారు. కొన్నిసార్లు లేచారు. కొన్నిసార్లు లేవలేక పీట మీదికి కూలబడ్డారు. చేయి ఇవ్వబోతే కొట్టినంత పని చేసేవారు. నొప్పి పెరిగిన రోజున నేను ఆపేద్దామన్నాను. "మీ మోకాలు, మీ నిర్ణయం" అని గొప్పగా వాదించి వచ్చినవాణ్ణి, ఆయన పాలిపోయిన ముఖం చూసి నేనే భయపడ్డాను. ఆయన నా భయాన్ని చూసి, మంచినీళ్లు తాగి, మళ్లీ కూర్చున్నారు.

రికార్డు బద్దలైంది. అదీ ఎక్కడ? జిజాన్‌లో. మర్నాడు కాబ్తన్ కర్ర ఊపుకుంటూ వచ్చారు.

"మా ఊళ్లోనే కొట్టాడు చూశావా! మంచి గోల్. రెండో స్తంభం పక్కనుంచి. మా ఊళ్లో చెత్త గోల్ కొడితే జనం రాళ్లు విసురుతారు."

"మనసుల బాధ లేదా కాబ్తన్?" అన్నాడు అన్న.

"ఉంది," అన్నారు ఆయన. అంతే. పీట దగ్గరికి నడిచారు.

క్లబ్బు వైద్యుడికి నేను ఫోన్‌లో ఇలా చెప్పాను: "గడ్డి మీద కర్ర లేకుండా నడవగలరు, చూశాను. కుడికాలి మీద వంగి లేవడం కొన్నిసార్లు సాధ్యమైంది, కొన్నిసార్లు కాలేదు. ప్రమాదం ఏమిటో ఆయనకు తెలుసు."

"అంటే అవునా, కాదా?" అన్నాడు అతను.

"నేను చూసింది చెప్పాను. అవునో కాదో ఆయనను అడగండి."

ఆయనను అడిగినట్టున్నారు. అయినా మేం వెళ్లేసరికి మైదానం పక్కన బ్యాటరీ బండి పూలు కట్టుకుని సిద్ధంగా ఉంది. నిర్వాహకుడొకడు, "ఎక్కితే నిమిషంలో అయిపోతుంది, ప్రసారానికి ఆలస్యమవుతుంది" అని బతిమాలాడు. కాబ్తన్ కర్రను అతని చేతికిచ్చి, "దీన్ని ఎక్కించు" అన్నారు.

సూర్యుడు స్టేడియం పైకప్పు వెనక్కి వాలుతున్నాడు. మైదానం మధ్యలో కుర్ర ఆటగాడు నిలబడి ఉన్నాడు. కాబ్తన్ తెల్ల గీత దగ్గరికి వెళ్లారు. నేను గీతకు ఇవతల, ఆయన వెనుక, పరుగు పందెంలో నిలబడినట్టు నిలబడ్డాను.

కుడికాలు గీత దాటింది. ఆయన వంగారు. కుడిచేయి కిందికి దిగి, గడ్డి మీద ఆనింది. చప్పట్లు స్టేడియం నలుమూలలా లేచాయి. ఆయన లేవలేదు.

చప్పట్లు సన్నగిల్లాయి. మైకులో మాట్లాడుతున్నవాడు ఒక వాక్యం ఎక్కువ చెప్పి ఆగిపోయాడు. బండి కదిలిన చప్పుడు నా పక్కన వినిపించింది. మధ్యలో నిలబడిన కుర్రవాడు ఇటు నాలుగడుగులు పరుగెత్తాడు. నేను గీత మీద కాలు పెట్టాను.

కాబ్తన్ వెనక్కి తిరగలేదు. ఎడమచేయి మాత్రం పక్కకు చాచి, అరచేయి తెరిచారు. ఆగమని. ఎవరికి చెప్పారో తెలియదు, నాకో, బండికో, కుర్రవాడికో. ముగ్గురం ఆగిపోయాం.

ఎంతసేపు? నేను లెక్కపెట్టలేదు. ఆయన కుడి తొడ తెల్లటి వస్త్రం కింద వణకడం కనిపిస్తోంది. విభాగాధిపతికి తల ఊపి వచ్చిన నా మాట నా మెడ మీద కూర్చుంది. నా కాలు గీత మీదే ఉంది. దాన్ని ముందుకు వేయలేదు, వెనక్కి తీసుకోలేదు.

ఆయన గడ్డి మీది చేతిని తీసి తన మోకాలి మీద పెట్టుకున్నారు. ముందు తల లేచింది, తర్వాత భుజాలు, తర్వాత మనిషంతా. లేచి, తన పొడుగు తెల్ల అంగీ సర్దుకుని, ఎడమకాలు ముందుకు వేశారు. ఆ తర్వాత మధ్యదాకా నెమ్మదిగా, కుంటుతూ, ఎక్కడా ఆగకుండా నడిచారు. చప్పట్లు మళ్లీ మొదలైంది చాలా ఆలస్యంగా. జనం కూడా ఊపిరి బిగబట్టి ఉన్నారేమో. వారిద్దరూ చేతులు కలిపి ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. అది నా చికిత్సలో భాగం కాదు.

మర్నాడు విభాగాధిపతి నన్ను పిలిపించింది. మ్యాచ్ ఆమె టీవీలో చూసింది.

"నువ్వు ఎందుకు కదల్లేదు? లేవలేకపోతే ఆ క్షణమే వెళ్లాలన్నాను. తల ఊపావు."

"ఊపాను, మేడమ్. ఆయన వద్దన్నారు."

"పడిపోయిన మనిషి వద్దంటే వదిలేస్తావా?"

"ఆయన పడలేదు. కిందికి దిగారు, ఇంకా పైకి రాలేదు. రెండూ ఒకటి కాదు."

"మాటలతో ఆడకు నాతో. విరిగి ఉంటే?"

"విరిగి ఉంటే ఈ గదిలో ఇలాగే నిలబడి, ఇదే మాట చెప్పేవాణ్ణి. మీరు నన్ను పంపించేసినా అదే చెప్పేవాణ్ణి."

ఆమె ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోదు. నా పని మీద రెండు నెలల పాటు పర్యవేక్షణ పెట్టింది. అది ఆమె అధికారం, నేను కాదనలేదు. గది నుంచి బయటికి వచ్చేసరికి వ్యాయామశాల తలుపు దగ్గర ఖాళీ వీల్‌చైర్ ఆగి ఉంది. లోపల పీట మీద కాబ్తన్ కూర్చుని ఉన్నారు. ఇక ఏ ఉత్సవమూ లేదు, ఏ బండీ రాదు.

"మళ్లీ ఎందుకు?" అని అడిగాను.

"నిన్న చేయి మోకాలి మీద పెట్టి లేచాను," అన్నారు ఆయన కోపంగా. "చేయి పెట్టకుండా లేవాలి. కానివ్వు."